డిఫరెన్షియల్‌లో దొరికిన నీళ్లు

బండి వెనక నుంచి మోత వినిపిస్తే ముందు డ్రైవర్ని తిట్టాలి. మా వర్క్‌షాపులో ఎవరూ రాయని రూలు ఇది. ఇంజిను వేడెక్కినా డ్రైవరే, క్లచ్ కాలినా డ్రైవరే, ఎలుక వైరు కొరికినా బండిని ఎక్కడ పెట్టావని డ్రైవర్నే అడుగుతారు. ఓనరు ఏసీ గదిలో కూర్చుని కాఫీ తాగుతుంటాడు, ఆయన్ను ఏమీ అనలేం. బండి తయారుచేసిన కంపెనీని అనలేం. మమ్మల్ని మేం అనుకునే అలవాటు అసలే లేదు. ఇక మిగిలేది గేటు పక్కన చెప్పులు విడిచి నిలబడ్డ ఆ ఒక్కడే.

రిటైరై ఇంట్లో కూర్చున్నాడు కాబట్టి నోరు లేచిందని అనుకోకండి. ఉద్యోగంలో ఉండగానే అన్నాను, దాని ఫలితమూ అనుభవించాను. నెల్లూరు శివార్లలో పెద్ద కార్ల వర్క్‌షాపులో ఫోర్‌మన్‌గా చేసి దిగిపోయినవాణ్ణి. ఈమధ్య అక్కడి కొత్త మెకానిక్కులు కొందరు ఇంటికి వచ్చారు. ఆల్ వీల్ డ్రైవ్ బండ్లలో వెనక డిఫరెన్షియల్ కారుతోందని, మోత వస్తోందని, సీలు మార్చినా నిలవడం లేదని, ఏం చేయాలో చెప్పమని అడిగారు. సీలు సంగతి తర్వాత చెబుతాను, ముందు ఒక మనిషి సంగతి వినండి అన్నాను. వాళ్లకు చెప్పిందే ఇక్కడా రాస్తున్నాను.

డిఫరెన్షియల్ అంటే తెలియనివాళ్ల కోసం ఒక మాట. బండి పొట్ట కింద, వెనక చక్రాల రెండింటి మధ్యా, చిన్న గుమ్మడికాయంత ఇనప పెట్టె ఉంటుంది. ఇంజిను బలాన్ని రెండు చక్రాలకూ పంచేది అదే. లోపల పళ్ల చక్రాలు, బేరింగులు, వాటిని తడిపే చిక్కటి ఆయిలు. ఆయిలు బయటికి రాకుండా సీళ్లు. పెట్టె పైన వేలి గోరంత మూత ఒకటి ఉంటుంది, దాన్ని బ్రీదర్ అంటారు. ఆయిలు వేడెక్కితే లోపలి గాలి ఉబ్బుతుంది కదా, ఆ గాలి బయటికి పోవడానికీ చల్లారాక మళ్లీ లోపలికి రావడానికీ ఆ మూతే దారి. బండి మొత్తంలో దానికంటే చవకైన వస్తువు లేదు కాబట్టి దాన్ని ఎవరూ చూడరు.

మా తీరంలో ఉప్పు గాలి. ముత్తుకూరు దాటి సముద్రం వైపు వెళ్లే బండ్లకు కింద తుప్పు పట్టడం ఎంత త్వరగా మొదలవుతుందో ఊళ్లో తిరిగే బండ్ల వాళ్లకు తెలియదు. అందుకని అడుగు భాగానికి నల్లటి కోటింగ్ కొట్టించుకోవడం ఇక్కడ అందరికీ అలవాటు. బండి కొన్న రోజున పసుపు కుంకుమ, మర్నాడు కోటింగ్. ప్రతి సర్వీసుకూ మళ్లీ ఒక పూత. మా దగ్గరికి వచ్చే ఓనర్లు లిఫ్ట్ మీంచి దించిన బండి కిందికి వంగి, ఫోను లైటు వేసి చూసేవాళ్లు. ఎక్కడైనా ఇనుము తెల్లగా కనిపించిందా, కోటింగ్ సరిగ్గా కొట్టలేదని గొడవ. దాంతో మా సర్వీసు మేనేజరు ఒకటే ఆర్డరు వేశాడు. కింద ఎక్కడా తెల్లగా కనపడకూడదు. స్ప్రే కొట్టే మనిషి పాపం అదే చేశాడు. బ్రీదర్ మీద టేపు వేసి కొట్టించండి సార్ అని నేను మొత్తుకుంటే, టేపు వేసుకుంటూ కూర్చుంటే రోజుకు ఎన్ని బండ్లు దిగుతాయని మేనేజరు నా మీదే ఎగిరాడు.

ఇక బండి విషయానికి వస్తాను. కృష్ణపట్నం అవతల సముద్రం ఒడ్డున రొయ్య పిల్లల్ని పెంచే హ్యాచరీ ఒకటి ఉంది. దాని ఓనరుది ఆ బండి. ఇసక దారుల్లో తిరగడానికే నాలుగు చక్రాలూ లాగే బండి కొన్నాడు. దాన్ని నడిపే మనిషిని నేను భాయ్ అని పిలిచేవాణ్ణి, అతను నన్ను అన్నా అనేవాడు. వాళ్లది ముత్తుకూరులో తాళాలూ పెట్టెలూ బాగుచేసుకుని బతికిన కుటుంబం. చేతిలో వస్తువును జాగ్రత్తగా చూసుకోవడం అతనికి ఇంట్లోనే వచ్చింది. సర్వీసుకు బండి ఇచ్చేటప్పుడు డాష్‌బోర్డు అరలోంచి ఒక చిన్న నల్ల డబ్బా తీసి, "ఇది సార్ ఉప్పు మీటరన్నా, ఎవరూ తాకకుండా చూడు" అని నా చేతికి ఇచ్చిపోయేవాడు. నీళ్లలో ఉప్పు ఎంత ఉందో చూసే పరికరం అది. రొయ్యల పని చేసేవాళ్లకు డాక్టరు మెడలో స్టెతస్కోపులాగా అది ఎప్పుడూ వెంట ఉండాల్సిందే. అద్దం మీద ఒక చుక్క నీళ్లు వేసి వెలుతురు వైపు తిప్పి చూస్తే, ఉప్పు ఎంత ఉందో లోపల గీత చూపిస్తుంది.

ఒకరోజు భాయ్ బండి తెచ్చాడు. వెనక చక్రాల మధ్య ఆయిలు చెమ్మ, వేగం పెరిగితే హోరు. లిఫ్ట్ మీద పెట్టి ఆయిలు దించాం. మామూలుగా తేనె రంగులో దిగాల్సిన ఆయిలు పాలు కలిపిన టీలాగా దిగింది. నీళ్లు కలిశాయన్నమాట. బేరింగు పాడైంది, హోరు దానిదే. నేను బ్రీదర్ చూద్దామని నిచ్చెన లాగుతుండగానే మేనేజరు వచ్చాడు, ట్రేలోకి ఒకసారి తొంగి చూశాడు, తీర్పు చెప్పేశాడు. బండిని సముద్రంలోకి దించారట. అలల్లో సరదాగా తిప్పి ఉంటారట. ఫోన్లలో అందరూ అలాంటి వీడియోలు చూసి నేర్చుకుంటున్నారట.

ఓనర్ని పిలిచి ట్రే చూపించాడు. భాయ్ నోరు తెరిచి ఒక్క మాటే అన్నాడు.

"సార్, ఇసకలో తిరిగిన మాట నిజం. అలలు తాకే కాడికి నేనెప్పుడూ పోలేదు."

మరి నీళ్లు ఆకాశం నుంచి పడ్డాయా అని మేనేజరు నవ్వాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆయిలు రంగు చూస్తే నీళ్లు కలిశాయని తెలుస్తుంది గానీ అవి ఏ నీళ్లో ఎలా తెలుస్తుందని అడిగాను. కళ్లతోనే నా నోరు మూయించి, ఓనర్ని గదిలోకి తీసుకుపోయాడు. నా బతుక్కి ఆ పూట చేతనైందల్లా ఆ పాల రంగు ఆయిలు ఒక సీసాలో పట్టి, మూత బిగించి, నా అలమారలో పెట్టుకోవడం. అనుమానం ఉన్న బండి ఆయిలు అలా దాచుకోవడం నాకు మొదటి నుంచీ అలవాటు. బ్రీదర్ దగ్గరికి నన్ను చేరనివ్వలేదు. కొత్త సీళ్లు, కొత్త బేరింగు వేసి, పోయేముందు అడుగున ఇంకో పూత నల్లగా కొట్టి బండిని పంపించేశారు.

ఆ సాయంత్రమే భాయ్‌ని పనిలోంచి తీసేశాడు ఓనరు. అంతటితో ఊరుకున్నా ఒక దారి. మర్నాడు పొద్దున హ్యాచరీ దారిలోని టీ బంకు దగ్గర, రొయ్యల చెరువుల వాళ్లూ హ్యాచరీల వాళ్లూ రోజూ కూడే చోట, మావాడు కొత్త బండిని సముద్రంలో ముంచాడయ్యా అని కథలాగా చెప్పాడు. ఆ తీరంలో డ్రైవరు పని ఇచ్చేవాళ్లందరూ అక్కడ టీ తాగేవాళ్లే. ఇక అతనికి తాళం చెవి ఎవరిస్తారు? ఎక్కడికి పోయినా, నువ్వే కదా ఆ సముద్రం మనిషివి అని నవ్వి పంపించారట.

కొన్నాళ్లకు మా గేటు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. పని ఇప్పించమని అడుగుతాడేమో అనుకున్నాను. అడగలేదు.

"నాకొక్కటి చెప్పన్నా. అది నిజంగా సముద్రం నీళ్లేనా? నేనైతే దించలేదు. అందరూ అదే మాటంటా ఉంటే, నాకు తెలీకుండా యాడన్నా దించినానేమో అని నాకే అనుమానం వస్తా ఉండాది."

ఇన్నేళ్ల సర్వీసులో నాకు ఇంత కోపం తెప్పించిన మాట ఇంకొకటి లేదు. చేయని తప్పును ఒక మనిషి తన జ్ఞాపకంలో వెతుక్కునే స్థితికి తెచ్చాం మేము, ఒక్క ట్రేలోకి తొంగి చూసి. బండిని రోజూ ఎలా చూసుకునేవాడివో చెప్పమన్నాను. చెప్పాడు. సాయంత్రం ఇసకలోంచి రాగానే, ఉప్పు పట్టి ఉంటుందని, ఇంజిను వేడి చల్లారకముందే బండి కింద అంతా బోరు నీళ్లు పైపుతో కొట్టి కడిగేవాడట. ఒక్క రోజు కూడా మానలేదట. ఆ బోరులో పడేవి తాగే నీళ్లట. నాకు లోపల ఏదో వెలిగింది గానీ, బండి చేతిలో లేకుండా ఏం చెప్పను?

బండి తనంతట తనే వచ్చింది. భాయ్‌ని తీసేశాక ఓనరే నడుపుకుంటున్నాడు. ఇసక వైపు దించడమే మానేశాడు, తారు రోడ్డు మీదే నెల్లూరు నుంచి హ్యాచరీకి తిరుగుతున్నాడు. సాయంత్రం కడగడం మాత్రం పాత అలవాటు ప్రకారం అక్కడి పనివాళ్లు చేస్తున్నారు. మళ్లీ అదే కారడం, అదే హోరు మొదలు. ఓనరు మండిపడుతూ దిగాడు. మా మేనేజరు ఏమన్నాడో తెలుసా? పాత నీళ్లేనండీ, మీ డ్రైవరు దించినప్పటివే లోపల ఎక్కడో దాక్కుని ఇప్పుడు బయటికి వస్తున్నాయన్నాడు. ఉద్యోగం పోయినా తప్పు మాత్రం ఆ మనిషి దగ్గరే ఉండాలి మరి. ఓనరు దానికీ తల ఊపాడు.

ఈసారి నేను ఎవరినీ అడగలేదు. బండిని పోర్టు రోడ్డు మీద బాగా తిప్పి, వేడి మీదే లిఫ్ట్ ఎక్కించి, ఆయిలు పోసే బిరడా మెల్లగా వదులు చేశాను. లోపలి నుంచి గాలి బుస్సుమని తన్నుకొచ్చింది. సోడా మూత తీసినట్టు. షెడ్డులో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు. గాలి లోపల అంత బిగబట్టి ఉందంటే బయటికి దారి మూసుకుపోయిందనే కదా. పైన బ్రీదర్ ఉండాల్సిన చోట నల్లటి ముద్ద ఉంది. గోరుతో గీరితే రబ్బరులా ఊడివచ్చింది. మేము కొట్టిన కోటింగే. ఒక పూత మీద ఇంకో పూత.

జరిగింది ఇంతే. దారి లేని గాలి సీళ్లను తోసుకుని ఆయిల్ని బయటికి నెట్టింది. సాయంత్రం వేడి మీద చల్లటి నీళ్లు కొట్టగానే లోపలి గాలి ముడుచుకుని, అవే సీళ్ల సందుల్లోంచి నీళ్లను లోపలికి లాక్కుంది. వేడి అన్నం పెట్టి మూత బిగించిన క్యారియర్ చల్లారాక మూత ఎలా పట్టేస్తుందో మీ ఇళ్లలో చూసే ఉంటారు. లోపల జరిగేది అదే. బండి బాగుండాలని ఆ మనిషి రోజూ చేసిన పనే, మేము ముక్కు మూసిన బండికి విషమైంది. మేము సీళ్లు మార్చినా, బేరింగు మార్చినా, ముక్కు మాత్రం తెరవలేదు.

మేనేజర్ని పిలిచి ముద్ద చూపించి, తిరిగి జేబులో వేసుకున్నాను. బ్రీదర్ మార్చి పంపించు, ఈ మాట బయటికి పోతే కోటింగ్ కొట్టించుకున్న వాళ్లందరూ వచ్చి మీద పడతారన్నాడు. మరి డ్రైవరు సంగతి అన్నాను. డ్రైవరుకు మనం జీతం ఇస్తున్నామా అన్నాడు. నిజంగానే అర్థం కాక అడిగాడు. అతని ముఖంలో సిగ్గు కోసం చూశాను, దాని జాడ కూడా లేదు.

మర్నాడు సెలవు పెట్టి, అలమారలోని సీసా సంచిలో వేసుకుని బస్సెక్కాను. ఇన్నాళ్లు కదపకుండా ఉంచడంతో ఆయిలు పైకి తేలి అడుగున నీళ్లు విడిగా పేరుకున్నాయి. అవి భాయ్ నడిపిన రోజుల నాటి నీళ్లు. హ్యాచరీలో ఓనరు తొట్ల మధ్య నిలబడి, చేతిలో ఉప్పు మీటరుతో ఒక్కొక్క తొట్టి నీళ్లూ చూస్తున్నాడు. రొయ్య పిల్లలకు నీళ్లలో ఉప్పు కాస్త అటూ ఇటూ అయినా కష్టమట, అందుకని తను స్వయంగా చూస్తేగాని నమ్మడట. ఆ మాట వింటుంటే నాకు నవ్వాలో తిట్టాలో తెలియలేదు.

సిరంజితో సీసా అడుగు నీళ్లు లాగి, ఈ చుక్క కూడా చూడండి అన్నాను. ఎక్కడివో చెప్పలేదు. అద్దం తుడిచి, చుక్క వేసి, ఎండ వైపు తిప్పి చూశాడు.

"సున్న కాడే ఉండాది మేస్త్రీ. తాగే నీళ్లు గదా ఇవి. యాడియి?"

"మీ డ్రైవరు సముద్రంలో ముంచినాడన్నారే, ఆ రోజు మీ డిఫరెన్షియల్లోంచి దించినయి."

మళ్లీ చూశాడు. అద్దం తుడిచి, సిరంజిలో మిగిలిన ఇంకో చుక్క వేసి చూశాడు. పక్కనున్న తొట్టిలోంచి సముద్రం నీళ్లు ఒక చుక్క వేసి అదీ చూశాడు. మనిషి మాట నమ్మలేదు గానీ మీటరును నమ్మక తప్పలేదు. జేబులోంచి ఆ నల్ల ముద్ద తీసి, బోరు నీళ్లు లోపలికి ఎలా పోయాయో చెప్పాను. మా వర్క్‌షాపు తప్పేనని కూడా చెప్పాను. మీటరు అద్దం తుడుచుకుంటూ అన్నాడు.

"సరే, అయిందేదో అయింది. రేపట్నించి పనిలోకి రమ్మని చెప్పు."

"టీ బంకు కాడ నలుగురిలో అన్నారు గదండీ. ఆ నలుగురిలోనే కాదని ఒక మాట చెప్పండి. అప్పుడు వస్తాడు."

"డ్రైవరుకు నేను సంజాయిషీ చెప్పుకోవాల్నా?"

అంతే. వేరే తొట్టి దగ్గరికి పోయాడు. తప్పు మోపడానికి టీ బంకు పనికొచ్చింది, దించడానికి పనికిరాలేదు. అక్కడి నుంచి నేరుగా ఆ బంకుకే నడిచాను. బెంచీల మీద ఓనర్లు, రోడ్డుకు అవతల బండ్లకు ఆనుకుని డ్రైవర్లు. నా గొంతు సంగతి మా షెడ్డులో అందరికీ తెలుసు. ఆ బండిని ఎవరూ సముద్రంలోకి దించలేదని, చెడగొట్టింది మా కోటింగని, ఆ మనిషి తప్పు ఇసుమంత కూడా లేదని అవతలి వరసకు కూడా వినపడేలా చెప్పాను.

ఒకాయన గ్లాసు కింద పెట్టి, "అయితే కోటింగ్ కొట్టించొద్దంటావా మేస్త్రీ?" అన్నాడు. ఇంకొకాయన తన బండికీ ఆ మూత మూసుకుపోయి ఉంటుందా అని అడిగాడు. మూడో ఆయన అప్పటికే బండి కిందికి వంగి లైటు వేస్తున్నాడు. అంతమందిలో ఒక్కరంటే ఒక్కరు ఆ మనిషి ఇప్పుడు ఎక్కడున్నాడని అడగలేదు. అక్కడే నిలబడి అందరినీ కడిగేయాలనిపించింది. సంచి భుజాన వేసుకుని బయల్దేరాను.

విన్నది అవతలి వరసే. వాళ్లలో ఒకతను సూళ్లూరుపేట వైపు రొయ్య పిల్లల్ని తీసుకుపోయే వ్యానులకు డ్రైవర్లు కావాలంటున్నారని చెప్పి, తనే తీసుకుపోయి భాయ్‌ని చేర్చాడట. మా వర్క్‌షాపులో మాత్రం ఆ వారంలోనే బ్రీదర్ చెకప్ అని కొత్త సర్వీసు బోర్డు వేలాడింది. ముక్కు మూసింది మేమే, తెరిచినందుకు డబ్బులు తీసుకున్నదీ మేమే. నన్నేమో, నీళ్ల గురించి మీకు బాగా తెలుసు కదా అని, రిటైరయ్యేదాకా బండ్లు కడిగే షెడ్డు చూసుకోమన్నారు. చూసుకున్నాను. వేడి మీద ఉన్న బండిని ఒక్కదాన్నీ కడగనివ్వలేదు.

మీరు అడిగిన దానికి జవాబు ఇందులోనే ఉంది. సీలు కారితే సీలు మార్చేముందు బ్రీదర్ చూడండి. ఆయిలు తెల్లబడితే అవి ఏ నీళ్లో తేల్చుకున్నాకే నోరు విప్పండి. తేలేదాకా పక్కన నిలబడ్డ మనిషిని ఒక్క మాట అనడానికి మీకు హక్కు లేదు.

పోయిన ఏడాది చుట్టాల పనిమీద సూళ్లూరుపేట పోతే, రైల్వే గేటు దగ్గర వ్యాను ఆపుకుని భాయ్ కనిపించాడు. ఓనరు మీటరులో మూడు చుక్కలు వేసి చూసిన సంగతి అప్పటిదాకా అతనికి వివరంగా చెప్పే వీలు చిక్కలేదు. చెప్పాను. సంతోషిస్తాడనుకున్నాను. అతను వ్యాను వెనక తలుపు తీసి, రొయ్య పిల్లలున్న సంచుల్లో గాలి సరిగ్గా ఉందో లేదో తడిమి చూసి, తలుపు వేశాడు.

"ఆ మీటరు రోజూ కడిగి ఆయన చేతికిచ్చింది నేనే గదన్నా," అన్నాడు. "నన్ను తీసేసిన రోజు గూడా అది బండిలోనే ఉండింది. రొయ్య పిల్ల చచ్చిపోతే చుక్క యేసి చూసేటోడు, నాకోసరం ఒక్క చుక్క యేసి చూళ్ళేదు."